పన్నెండో కొక్కెం

కొత్త చట్టం అమల్లోకి వచ్చిన రోజున కబేళాకి అందరికంటే ముందు వచ్చినవాడు ముద్రలాయనే. ఆయన ఉద్యోగం అసలు పేరు మాంస తనిఖీదారు. ఆ పేరు జీతం కాగితాల్లోనే ఉండిపోయింది. పాతికేళ్లుగా ఊదారంగు సిరా ముద్ర చేతిలో పట్టుకుని తిరిగినందుకు అందరికీ ముద్రలాయన అయిపోయాడు. కోపం వస్తే ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది.

ఆ చట్టం కోసం ఆయన ఎనిమిదేళ్లు ఉత్తరాలు రాశాడు. రోగంతో చచ్చిన జీవాన్ని గుట్టుగా కోసి అమ్మేవాళ్లనీ, పనికిరాదని పాతిపెట్టిన దాన్ని సాయంత్రానికల్లా తవ్వుకుపోయేవాళ్లనీ చూసీ చూసీ రాశాడు. చివరికి పెద్దలు ఒక సంఘం వేశారు. ఆయన్ని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెప్పింది విన్నారు. విన్నది రాసుకున్నారు కూడా. ఇరవై మూడో నిబంధనలో ఒక వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఆయనదే. చట్టం అచ్చయి వచ్చిన రోజు దాన్ని భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు. ఆవిడ రెండుసార్లూ విని, "బాగానే ఉంది గానీ, ఉప్పు తెమ్మన్నాను, తెచ్చారా?" అంది.

కబేళా లోపల గోడకి కొత్తగా నంబరు పలకలు బిగించారు. ఒకటి నుంచి పన్నెండు దాకా కొక్కేలు, ఒక్కో కొక్కెం పక్కన ఒక్కో తొట్టి. నేల మీద పసుపు రంగు గీత గీశారు. గీతకి ఇవతల వర్తకులు, అవతల పనివాళ్లు. గీత దాటితే శిక్ష అని రాసి ఉంది. రాయించింది ఆయనే.

"ఏమయ్యా మేస్త్రీ, ఇవాళ్టి నుంచి జోడీ తొట్టి లేదు. గుర్తుందిగా?"

"గుర్తుందండీ. నిన్నట్నించి నాలుగుసార్లు చెప్పారు. మా ఆవిడ కూడా ఇన్నిసార్లు చెప్పదు" అన్నాడు మేస్త్రీ, కత్తి నూరుకుంటూ.

జోడీ తొట్టి అన్నది ఆ కబేళాలో పనివాళ్లు తమకి తాము పెట్టుకున్న పద్ధతి. ఇద్దరు పక్కపక్కన నిలబడి చెరో జీవాన్ని కోస్తారు. లోపలి నుంచి తీసిన కార్జం, గుండె, ఊపిరితిత్తులు తొట్టిలో వేసి, ఆ తొట్టిని తమ కొక్కెం దగ్గర పెట్టుకోరు. పక్కవాడి కొక్కెం దగ్గర పెడతారు. ఎవడి కోత వాడికి ముద్దు కదా, అందుకని పక్కవాడు దాన్ని తిరగేసి చూసి 'సరే' అనాలి. ఆ తర్వాతే ముద్రలాయన్ని పిలుస్తారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. మేస్త్రీకి వాళ్ల నాన్న నేర్పాడు.

నంబర్లు వచ్చాక అది కుదరదు. ఆరో కొక్కేనికి వేలాడే దాని కార్జం ఆరో తొట్టిలోనే ఉండాలి. తొట్టిలో రోగం కనబడితే ఆ నంబరు మాంసం మీద ఆకుపచ్చ రంగు పోసి, సున్నపు గోతిలో వేసి కప్పెట్టాలి. బాగుంటే మూడు చోట్ల ముద్ర వెయ్యాలి. ఇక ఆ మాంసం ఎక్కడికి వెళ్లినా ముద్ర వేసినవాడి పూచీ.

ఆ రోజు పని మెల్లగా సాగింది. మేస్త్రీ, అతని పక్కన పురచేతివాడు. ఎడమ చేత్తో కోస్తాడు కాబట్టి అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. జత తర్వాత జత కోస్తూ ఇద్దరూ ఎవరి తొట్టి వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. ముద్రలాయన ప్రతి కార్జాన్నీ రెండు చేతులా ఎత్తి, వెలుగుకి పట్టి, మూడు గాట్లు పెట్టి చూసి, ముద్ర వేస్తున్నాడు. సిరా తడి ఆరేలా నోటితో ఊదుతున్నాడు కూడా. అలా ఊదక్కర్లేదు గానీ ఆ రోజు ఆయనకి ఊదాలనిపించింది.

ఆఖరి జత పదకొండూ పన్నెండూ. పదకొండు ఆయన వదినది. పన్నెండు కాంట్రాక్టరుది.

వదిన అంటే చనిపోయిన అన్నగారి భార్య. అన్న పోయాక ఆ మాంసం దుకాణం మొద్దు ముందు ఆవిడే కూర్చుంది. పొట్టేలు వెన్ను మీద చెయ్యి వేసి దాని ఒంట్లో ఏముందో చెప్పేస్తుందని సంతలో పేరు. కాంట్రాక్టరు అలా కాదు. ఆయన జీవాల్ని చూడడు, ముద్రని చూస్తాడు. హాస్టళ్లకీ ఆసుపత్రికీ వృద్ధాశ్రమానికీ సరఫరా ఆయనదే.

పదకొండో తొట్టిలో కార్జం ఎత్తగానే ముద్రలాయన వేళ్లకి గట్టిగా తగిలింది. గాటు పెట్టాడు. చీము. ఇంకోటి పెట్టాడు. మళ్లీ చీము.

"పదకొండు పనికిరాదు" అన్నాడు.

పసుపు గీత ఇవతల నుంచి వదిన గొంతు ఖంగుమంది. "ఏది పనికిరానిది? ఆ తొట్టి నాది కాదు!"

"నంబరు ఉంది వదినా."

"నంబరు గోడకుంది. నా పొట్టేలు ఒంటికి లేదు. ఆ కొవ్వు చూడు, తెల్లగా మెరుస్తోంది. ఆ పన్నెండోదాన్ని చూడు, పక్కటెముకల దగ్గర ఎలా కమిలిందో. తొట్లు మారాయి. నన్నొక్కసారి రానీ, చెయ్యి పెట్టి చెప్తా."

ఆవిడ కాలు గీత మీద పడింది. కాంట్రాక్టరు నవ్వాడు. మిగిలిన వర్తకులు కూడా ముద్రలాయన మొహంకేసి చూశారు. మరిది కదా, ఏం చేస్తాడో అని. ఆ చూపు ఆయనకి తగిలింది.

"గీత దాటకు వదినా. చట్టం అందరికీ ఒకటే."

"చట్టానికి కళ్లు నీవే కదయ్యా! ఓసారి తిరిగి చూస్తే పోయిందేముంది?"

"దాటకు అన్నానా!"

అంత గట్టిగా ఆయన ఆవిడ మీద ఎప్పుడూ అరవలేదు. మేస్త్రీ ఏదో అనబోయి, కత్తి కడుక్కోవడానికి తిరిగాడు. పొద్దుట్నించీ నిలబడి ఉన్నవాడు, ఏ తొట్టి ఎక్కడ పెట్టాడో అతనికీ నిజంగా గుర్తులేదు. ముద్రలాయన డబ్బా వంచి పదకొండో పొట్టేలు మీద ఆకుపచ్చ రంగు పోశాడు. వెన్ను మీద నుంచి కాళ్ల దాకా కారింది. తర్వాత పన్నెండో తొట్టి చూశాడు, కార్జం శుభ్రంగా ఉంది. పన్నెండోదాని తొడ మీద ఒకటి, డొక్క మీద ఒకటి, భుజం మీద ఒకటి ముద్రలు వేశాడు.

వదిన కాలు వెనక్కి తీసుకుంది. చెప్పు అంచుకి పసుపు రంగు అంటుకుని ఉంది. ఇంకా ఆరలేదు.

ఇంటికి వెళ్లాక భార్య మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ కబురు ఆయనకంటే ముందే ఇల్లు చేరింది.

"నలుగురిలో అక్క మీద అరిచారట."

"నా వాళ్లని వదిలేస్తే రేపు ఇంకొకళ్లని పట్టుకోగలనా?"

"వదలమని ఎవరన్నారు? వినమన్నారు. మీ అన్నయ్య చనిపోయిన ఏడాది మన పిల్ల ఫీజుకి ఎవరి చేతి గాజులు వెళ్లాయో గుర్తుందా?"

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"నాకేం తెలుసు, మీ చట్టంలో చూడండి" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వదిన దుకాణం తెరవలేదు. ఆ మర్నాడూ అంతే. ముద్రలాయన రెండు రోజులూ పనికి వెళ్లేటప్పుడు దుకాణం వీధిలోంచే వెళ్లాడు. అది చుట్టుదారి. రేకు తలుపు కిందికి దించి ఉంది. తలుపు ముందు ఒక ముసలాయన సంచి పట్టుకుని నిలబడి, ఈయన్ని చూసి, "ముప్పయ్యేళ్లలో ఇలా మూసింది లేదు. ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. ఈయన తెలియదన్నాడు. అలిగిందిలే, ఆవిడే దిగి వస్తుంది అనుకున్నాడు. అలక అనుకుంటే మనసుకి కొంచెం హాయిగా ఉంది.

"వింతేమిటంటే," అంది ఆ సాయంత్రం భార్య, కూరగాయలు తరుగుతూ, "అక్క ఆ రోజు కాంట్రాక్టరు దగ్గర సగం కొందట. ఆ పన్నెండోదాంట్లోనే. కొని, దుకాణం మూసుక్కూర్చుంది. అమ్మనిదానికి కొనడం ఎందుకు?"

"ఇంట్లోకి కొనుక్కుందేమో."

"ఒక్కత్తికి సగం పొట్టేలా?"

ఆయన స్నానానికి లేచాడు. అన్నీ తెలిసినవాడికి పక్కనున్నది కనబడదు.

నాలుగో రోజు ఉదయం కబేళాలో పని సగానికి వచ్చింది. ఏడూ ఎనిమిదీ. పురచేతివాడు ఎనిమిదోదాన్ని కోసి, తొట్టి నింపి, ఎత్తి, ఆలోచించకుండా అడుగు పక్కకి వేసి ఏడో కొక్కెం దగ్గర పెట్టాడు. పెట్టి నాలిక కరుచుకున్నాడు.

"అబ్బ! చెయ్యి చెప్పిన మాట వినదు" అంటూ తొట్టి వెనక్కి తీశాడు. "మొన్న కూడా ఆఖర్న ఇలాగే చేసుంటాం మేస్త్రీ. కడిగేటప్పుడు నీ తొట్టి నా వైపుంది, చూశావా?"

మేస్త్రీ కళ్లతోనే అతన్ని వారించాడు. ఆలస్యమైంది. ముద్రలాయన చేతిలో ముద్ర అలాగే ఉంది, సిరా బొట్టు ఒకటి బూటు మీద పడింది.

"మొన్న అంటే ఏ రోజు?" అని అడిగాడు. అడగక్కర్లేదు. ఆయనకి తెలిసిపోయింది.

"మొదటి రోజండీ" అన్నాడు మేస్త్రీ, నేల చూస్తూ. "నేనూ మర్నాడే అనుకున్నాను. చెబుదామనుకున్నాను. రంగు పోసేశారు, ముద్ర వేసేశారు. ఇంక చెప్పి ఏం లాభం అని..."

ముద్రలాయన మేస్త్రీని ఒక్క మాట కూడా అనలేకపోయాడు. అనడానికి నోరెక్కడిది? ఒకడి కోత పక్కవాడు చూడాలన్న మంచి అలవాటు ఆ చేతులది. చూడమని అరిచిన మనిషిని గీత దాటనివ్వనివాడు తను. ముద్ర జేబులో పెట్టుకుని, పని ఆపమని చెప్పి బయటపడ్డాడు.

వదిన దుకాణం వెనక తలుపు తీసే ఉంది. ఆవిడ మొద్దు గీకుతోంది. అన్న కాలం నాటి చింతమొద్దు, మధ్యలో పళ్లెంలా గుంట పడింది. ఏ కోతా లేకపోయినా రోజూ గీకి ఉప్పు రాస్తున్నట్టుంది. గదిలో ఒక్క ఈగ లేదు. తక్కెడ బోర్లించి ఉంది. గోడకి కత్తులు పొడుగు వరసలో వేలాడుతున్నాయి.

"రా. కూర్చో" అంది. ఎత్తిపొడుపు లేదు.

ఆయన కూర్చోలేదు. "నీ పొట్టేలు మంచిదే వదినా."

"తెలుసు."

"తొట్లు మారాయి."

"అదీ తెలుసు. నువ్వెప్పుడు తెలుసుకుంటావా అని చూస్తున్నా. నాలుగు రోజులు పట్టింది. చిన్నప్పుడు లెక్కల్లో కూడా నువ్వింతే అనేవాడు మీ అన్న."

ఆవిడ లేచి మంచు పెట్టె మూత తీసింది. లోపల తెల్లగుడ్డ చుట్టిన సగం పొట్టేలు. గుడ్డ తొలగించింది. తొడ మీద ఆయన ముద్ర ఊదారంగులో గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా ఉంది. అంత చక్కగా పడిన ముద్ర ఆయన చాలా రోజులుగా వెయ్యలేదు. కీలు దగ్గర మాంసం నల్లబడింది. మంచులో ఉన్నా చిన్న వాసన వస్తోంది.

"దీన్నెందుకు కొన్నావు?"

"మరి ఎవరో ఒకరు తింటారుగా! మొత్తం అడిగాను. సగమే ఇస్తానన్నాడు. మిగతా సగం ముందే మాట ఇచ్చేశాట్ట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. అరిచి చెప్పాను. నువ్వింకా గట్టిగా అరిచావు." ఆవిడ గుడ్డ మళ్లీ కప్పింది. "తర్వాత ఇంకెవరికి చెప్పనూ? పై వాళ్లకి చెబితే మొదటి రోజే నీ ఉద్యోగం ఊడుతుంది. ఇది అమ్ముదామంటే నాకు చేతులు రావు. పారేద్దామంటే ఏ కుక్కో మనిషో తవ్వుకుపోతారు. ఆ రంగు డబ్బా నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. అందుకని దుకాణం మూసి దీనికి కాపలా కూర్చున్నాను. అదీ సంగతి."

ముద్రలాయన మొద్దు అంచు పట్టుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది. యాభై ఏళ్లు దాటినవాడు ఏడవడం ఏమిటని మింగేశాడు.

"నేను దీన్ని ఇప్పుడే తీసుకెళ్లి రంగు పోసి పూడ్చేస్తాను. ఎవరికీ తెలియదు. నువ్వు రేపు దుకాణం తెరువు."

"మరి రెండో సగం?"

ఆయన మంచు పెట్టె మూత వేశాడు.

"అది ఎక్కడికి వెళ్లిందో కనుక్కున్నావా? నేను అడిగితే కాంట్రాక్టరు చెప్పలేదు. నువ్వడిగితే చెప్పాలి."

"అడగాలంటే కారణం కాగితం మీద రాయాలి. సగం ఎక్కడ దొరికిందో, ఎన్ని రోజులు ఉందో రాయాలి. నీ దగ్గర నాలుగు రోజులు..." ఆయన ఆగిపోయాడు. ఇరవై మూడో నిబంధన ఆయనకి కంఠతా వచ్చు. రాకేం, ఆయన కన్నదే కదా.

"ఏమవుతుంది?"

"నీ దుకాణం పోతుంది వదినా."

వదిన మొద్దు మీద ఉప్పు అరచేత్తో తుడిచి, చీర చెంగుతో పొడిగా తుడిచింది.

"ఇక్కడ పెట్టుకుని రాయి" అంది. "చెయ్యి వణక్కుండా ఉంటుంది."

ఆయన రాశాడు. ఒకచోట 'నిన్న సాయంత్రం నా దృష్టికి తెచ్చిరి' అని రాయబోతే ఆవిడ భుజం మీంచి చూసి, "నిన్న ఎక్కడ తెచ్చాను? ఉన్నది రాయి. ఒక తప్పుకి ఇంకో తప్పు అతుకు వేస్తే నిలుస్తుందా?" అంది. కొట్టేసి మళ్లీ రాశాడు.

కాగితం చూపించేసరికి కాంట్రాక్టరు మొహం పాలిపోయింది. రెండో సగం వృద్ధాశ్రమానికి వెళ్లిందని చెప్పాడు. ముద్రలాయన ఆటో ఎక్కి వెళ్లాడు. వంటగది పొడుగ్గా, చల్లగా ఉంది. కడిగిన పెద్ద గిన్నెలు గోడ వారగా బోర్లించి ఉన్నాయి. వంటమనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆ మాంసమా? మొన్న మధ్యాహ్నం వండేశానయ్యా. ఏం?"

"ఎవరైనా..."

"ఏడుగురికి వాంతులు. ఎండదెబ్బ అనుకున్నాం. ఆరుగురు తేరుకున్నారు. పడమటి గదిలో ఒకాయన ఇంకా లేవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లారు." ఆవిడ ఆయన జేబుకేసి చూసింది. సిరా కారి చొక్కా మీద ఊదామరక పెద్దదవుతోంది. "వాసన కొంచెం తేడాగానే ఉందయ్యా. నాకు అనుమానం వచ్చింది. ముద్ర ఉందిగా, మనకేం తెలుస్తుందిలే అని వండాను. తప్పంటారా?"

"నీ తప్పు కాదమ్మా" అన్నాడు ముద్రలాయన. బయటికొచ్చి, ఆసుపత్రి డాక్టరుకి ఏం తిన్నారో చెప్పడానికి పరుగున వెళ్లాడు. ముందే తెలిస్తే బాగుండేదని ఆ డాక్టరు అన్నాడు. మూడు రోజులు ముందు అని కూడా అన్నాడు.

పై అధికారి కాగితం మొత్తం చదివి, కళ్లజోడు తీసి, ముద్రలాయనకి చెయ్యి కలిపాడు. తన పొరపాటు తానే బయటపెట్టిన ఉద్యోగిపై చర్య ఉండదని ఇరవై నాలుగో నిబంధన చెబుతోంది. ఉద్యోగులు భయపడి దాచకూడదని సంఘంలో ఎవరో పెద్దమనిషి అడిగి పెట్టించాడు. వర్తకులు భయపడి దాచకూడదని అడగడానికి ఆ గదిలో వర్తకులెవరూ లేరు. వాళ్లకి కుర్చీ వెయ్యలేదు.

"మీ వదినగారని తెలుసు. నాకూ బాధగానే ఉంది" అన్నాడు అధికారి. "కానీ మొదటి కేసులోనే మినహాయిస్తే చట్టం నవ్వులపాలవుతుంది. మీరే చెప్పండి."

అలాంటి మాటే తను ఇంట్లో భార్యతో అన్నాడని ముద్రలాయనకి గుర్తొచ్చింది. ఆవిడ కొన్నది జనం తినకుండా కాపాడటానికని ఆయన చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. అధికారి తల ఊపుతూ విని, అలాంటి ఉద్దేశాల గురించి నిబంధనలో లేదన్నాడు. నిజమే, లేదు.

మర్నాడు పొద్దున్నే నోటీసు అంటించడానికి గుమస్తా వచ్చాడు. తనిఖీదారు సాక్షి సంతకం కావాలని ముద్రలాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. భార్య కూడా వెంట వచ్చింది. అక్క పక్కకి వెళ్లి నిలబడింది.

వదిన కత్తులన్నీ గోనెగుడ్డలో చుట్టి పెట్టుకుంది. మొద్దు మాత్రం కదల్లేదు. దాన్ని ఇద్దరు మనుషులు ఎత్తాలి.

"కత్తులు మేస్త్రీకి పంపిస్తా. ఆ పురచేతివాడికి మాత్రం ఇవ్వొద్దను, ఎడమ చేత్తో అరగదీస్తాడు" అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడే కొంచెం నవ్వింది. "ఆసుపత్రిలో ఆయనకి ఎలా ఉంది?"

"కళ్లు తెరిచాడు. మాట ఇంకా రావట్లేదు" అన్నాడు ముద్రలాయన.

ఆవిడ తల ఊపింది. గుమస్తా నోటీసు చదవడం మొదలుపెట్టాడు గానీ, ఆవిడ చెయ్యి చాపి కాగితం తీసుకుంది. కొంచెం దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. పైన నంబర్లు, తేదీలు. మధ్యలో ఒక వాక్యం నల్లటి పెద్ద అక్షరాల్లో ఉంది. చెడు మాంసమని తెలిసియు ఒక్క దినము లోపల అధికారికి తెలుపక, ఏ కారణము చేతనైనను తన వద్ద నుంచుకొన్న వర్తకుని అనుమతి రద్దగును. ఆవిడ దాన్ని ఇంకోసారి చదివింది.

"ఈ వాక్యం నువ్వు రాసిందేనా? మా చెల్లి చెప్పింది, రెండుసార్లు చదివి వినిపించావట."

"నేనే రాశాను వదినా."

"బాగా రాశావు" అంది. వెటకారానికి అనలేదు. మంచి మాంసాన్ని చూసి బాగుందన్నట్టే అంది. "ఎక్కడా సందు లేదు."

కాగితం గుమస్తాకి తిరిగి ఇచ్చేసింది. అతను జిగురు రాసి తలుపు మీద పెట్టాడు గానీ, రేకు మీద ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డుకి ఒక మూల లేచిపోతూ ఉంది. వదిన చెంగుతో ఆ మూల తుడిచి, అది అంటుకునేదాకా అరచెయ్యి ఆనించి నిలబడింది.